శిథిలబంధనమా, శ్లథబంధనమా?

తిరుపతి, తెలుగు టీచరు:
మా బడి వార్షిక సంచిక పని ఈసారి పిల్లలకే అప్పజెప్పాం. వాళ్ల కోసం లేఅవుట్ మాటల పట్టిక రాస్తున్నాను. స్ప్రెడ్‌కి జంటపుట అనుకున్నాం. బైండింగ్ దగ్గర ఆగిపోయాను. తాటాకు ప్రతుల చివర లేఖకులు రాసుకునే, నూనె, నీళ్లు, సరిగా లేని కట్టు నుంచి పుస్తకాన్ని కాపాడమనే "తైలాద్రక్షేజ్జలాద్రక్షేత్..." శ్లోకంలో లాగా "బంధనం" అనొచ్చా? అన్నట్టు, ఆ బంధనానికి ముందున్నది శిథిలమా, శ్లథమా? రెండు రోజులుగా గుర్తు రాక సతాయిస్తోంది.

చిత్తూరు, రిటైర్డ్ మాస్టారు:
శ్లథ, తల్లీ. మా నాయన నోట విన్నది "రక్షేత్ శ్లథబంధనాత్". శిథిలమంటే పాడుబడినది. ఇక్కడ చెప్పేది కట్టు వదులు కానీయవద్దని.

మదనపల్లె:
సార్, ఒకసారి లెక్కపెట్టండి. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, అందులో పాదానికి 8 అక్షరాలు, మీ పాదంలో 7 ఉన్నాయి. "రక్షేచ్ఛిథిలబంధనాత్" అంటే సరిపోతుంది. పాడుబడడమనేది మనం తెలుగులో వాడుకునే అర్థం. సంస్కృతంలో శిథిలమంటే ముందు వదులే. కన్నడ ఛందస్సులో తేల్చి పలికే జంట అక్షరాన్ని శిథిలద్విత్వం అంటారు. అది పాడుబడిన ద్విత్వం కాదు కదా!

చిత్తూరు, రిటైర్డ్ మాస్టారు:
ఒక అక్షరం జారింది, నిజమే. "రక్షేచ్చ శ్లథబంధనాత్" అనండి, 8 కుదురుతాయి, అయిదోది లఘువు, ఆరోది గురువు. శ్లథను మాత్రం వదలను.

తిరుపతి, ప్రెస్సు:
శ్లోకం నాకు రాదు కానీ మేడమ్, వదులు కట్టు సంగతి రోజూ చూస్తుంటాను. 16 పేజీలు ఒక ఫారం అనుకోండి. ఫారాలు కుట్టకుండా వెనక అంచు కోసి గమ్ము పెడితే పర్ఫెక్ట్ బైండింగ్. మందపు ఆర్ట్ పేపరు మీద గమ్ము అంత బాగా పట్టదు. పిల్లలు వాళ్ల ఫోటో కోసం పదిసార్లు విప్పి చూస్తారు, పేజీ చేతికొచ్చేస్తుంది. కాస్త ఖర్చయినా కుట్టించండి. గ్రూప్ ఫోటో రెండు పేజీల మీద పరిస్తే నడుమ నిలబడ్డ పిల్లల ముఖాలు మడత దగ్గరి జాగాలో, అంటే గట్టర్‌లో పడిపోతాయి, అది కూడా చూసుకోండి. అంచు దాకా వెళ్లే ఫోటోలకు 3 మి.మీ. బ్లీడ్, అంటే కోతలో పోయే అదనపు అంచు, వదలండి.

తిరుపతి, లైబ్రరీ:
గట్టర్ తాటాకుల్లోనూ ఉంది! తాడు దూరే చిల్లు చుట్టూ గంటం (ఆకు మీద రాసే ఇనుప ములుకు) ఆనకుండా కొంత జాగా వదిలేవారు. ఇక నూనె, నీళ్లు, వదులు కట్టు, ఈ మూడు భయాలూ పెద్దగా లేనివి అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాటిని పరిష్కరించింది మన ఊళ్లోనే. ఇప్పటికీ కీర్తనను రేకు సంఖ్యతోనే చూపిస్తాం. మీ సంచికలో పుటకు బదులు "రేకు 12" అని వేయండి, ఎంత బాగుంటుందో!

మదనపల్లె:
రేకుకు రెండు వైపులుంటాయి కదక్కా. అది పుట ఎలా అవుతుంది? ఆకు అవుతుంది.

తిరుపతి, తెలుగు టీచరు:
బంధనం మాట ఎవరూ ఎత్తలేదు. తెలుగులో చెర గుర్తొస్తుందని నా బెంగ. పిల్లలైతే "కట్టు" అని రాసేసుకున్నారు. ఫారాలు కుట్టిస్తున్నాం. శ్లోకం చివరి పుటలో వేస్తాం. నాలుగో పాదం "ఏవం వదతి పుస్తకమ్" కదా?

చిత్తూరు, రిటైర్డ్ మాస్టారు:
పుస్తికా, తల్లీ. పుస్తికా.