1996 బోర్డో బాటిల్ ఒకటుంది, ఎలా తెరవాలి, ఎలా తాగాలి?

కొత్తగ్లాసు:
అందరికీ నమస్తే. మా బావగారు పోయినేడు ఒక లెయోవిల్ బార్టన్ 1996 ఇచ్చారు, ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతంలోని సెయింట్ జూలియన్ వైన్, అక్కడి వైన్లకి ర్యాంకులిచ్చిన 1855 వర్గీకరణలో సెకండ్ గ్రోత్, అంటే పైనుంచి రెండో మెట్టు. అప్పట్నుంచి వైన్ ఫ్రిజ్‌లో 13 డిగ్రీల దగ్గర పడుకోబెట్టే ఉంచా, వచ్చే నెల మా పెళ్లిరోజుకి తెరుద్దామని. భయం ఏంటంటే ఇంతకుముందు ఒకసారి ఇలాగే ఒక పాత మెడోక్ (బోర్డోలోనే ఒక భాగం) బాటిల్ చేతికొస్తే పడుకుని ఉన్నదాన్ని అలాగే తీసి మామూలు స్క్రూతో లాగేశా, కార్క్ సగానికి విరిగి ముక్కలు లోపల పడ్డాయి, గ్లాసులో పోస్తే బురదనీళ్లలా వచ్చింది, నాలుక మీద ఇసుకలా తగుల్తూ ఒకటే చేదు. పాత వైన్ అంటే ఇలాగే ఉంటుందేమో అనుకుని పారబోశాం, ఇప్పటికీ ఆ బాధ పోలేదు. ఈసారి అలా కాకూడదు. డికాంటర్‌లో (వైన్ వంచిపెట్టే గాజు జాడీ) ఎంతసేపు ఉంచాలి, అసలు అందులో ఏం చూడాలి, తాగినవాళ్లు కాస్త చెప్పండి.

సెల్లార్‌మెట్లు:
మీకు తగిలిన చేదు వైన్‌ది కాదండి, మడ్డిది. వైన్‌లో వగరునిచ్చే టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఏళ్ల తరబడి ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగిపోతాయి, అందుకే వయసొచ్చేకొద్దీ రంగు పలచబడుతుంది, వగరు మెత్తబడుతుంది. అలా దిగిందంతా సీసాలోనే ఉంటుంది కదా, కదిపితే మళ్లీ పైకి లేస్తుంది.

కాబట్టి రెండు మూడు రోజుల ముందే బాటిల్ నిలబెట్టేయండి, కనీసం ఒక రోజు. ఇంత పాత కార్క్‌కి మామూలు స్క్రూ నమ్మొద్దు, రెండు సన్నటి రేకులుండే ఓపెనర్ దొరుకుతుంది, దాన్ని 'ఆ-సో' (Ah-So) అంటారు. ఆ రేకుల్ని కార్క్‌కీ గాజుకీ మధ్య ఒకటి మార్చి ఒకటి అటూ ఇటూ ఆడిస్తూ దించి, మెల్లగా తిప్పుతూ పైకి తీయాలి, తొందరపడితే కార్క్ లోపలికి జారిపోతుంది. వంచేటప్పుడు సీసా మెడ కింద కొవ్వొత్తో ఫోన్ లైటో పెట్టుకుని ఒకే ధారగా, మధ్యలో సీసాని మళ్లీ నిలబెట్టకుండా పోయండి. బోర్డో సీసాకి భుజాలు ఎత్తుగా ఉంటాయి కదా, మడ్డి అక్కడ ఆగుతుంది, నల్లటి గీత మెడలోకి రావడం కనబడగానే ఆపేయాలి. అడుగున కాస్త మిగిలిపోతుంది, దానికోసం ఆశపడొద్దు.

ఆ తర్వాత డికాంటర్‌లో ఒక రెండు గంటలు వదిలేయండి, 96 మెడోక్‌లో కాబెర్నే ద్రాక్షకి బాగా కలిసొచ్చిన ఏడాది, తట్టుకుంటుంది.

నెమ్మదిగా:
అంతా కరెక్టే గానీ ఆ రెండు గంటల దగ్గర మాత్రం నేను ఒప్పుకోనండి. ముప్ఫై ఏళ్ల దగ్గర పడ్డ వైన్ ఒక్కో సీసా ఒక్కోలా ఉంటుంది. నేనొక 1985 మార్గో (అదీ బోర్డో వైనే) తెరిచి, తీయగానే వాసన చూస్తే ఎండిన గులాబీ రేకులు, దేవదారు చెక్క, అబ్బ అనిపించింది, ఇంకా బాగుంటుందేమోనని మూడు గంటలు డికాంటర్‌లో పెట్టి వచ్చి చూస్తే పులుపు తప్ప ఏమీ మిగల్లేదు. గాలి ఇంకా కావాలంటే ఎప్పుడైనా ఇవ్వొచ్చు, తగిలిన గాలిని వెనక్కి తీయలేం. తెరవగానే ఒక గుక్కెడు పోసుకుని చూడండి. వాసన బయటికి రాకుండా మూసుకుపోయినట్టుంటే అరగంట ఆగండి, తెరుచుకునే ఉంటే వెంటనే మొదలుపెట్టేయండి. మిగతా మార్పంతా గ్లాసులో మీ కళ్లముందే జరగనివ్వండి.

మాగిన‌ద్రాక్ష:
ఏం చూడాలని అడిగారు కదా, దానికి చెప్తా. ముందు గ్లాసుని తెల్ల కాగితం మీదకి వంచి అంచు చూడండి. కుర్ర బోర్డో నేరేడుపండు రంగులో ఉంటుంది, ఇది మధ్యలో ఇంకా ఎర్రగా ఉండి అంచుకొచ్చేసరికి ఇటుక రంగుకి తిరుగుతుంది. తర్వాత వాసన, గ్లాసుని గట్టిగా తిప్పకుండానే. కుర్రతనంలో ఉండే పండు వెనక్కి తగ్గి పొగాకు, తోలు, పెన్సిల్ చెక్కినప్పుడొచ్చే వాసన, వానకి తడిసిన రాలుటాకులు, పుట్టగొడుగులు, ఇవి ముందుకొస్తాయి. నోట్లో పెట్టుకున్నాక వగరు చిగుళ్లని పట్టేయకుండా మెత్తటి గుడ్డలా ఉందా, మింగాక ఎంతసేపు నిలబడింది, ఇవి గమనించండి. బలం కోసం వెతికితే నిరాశపడతారు, పాత వైన్ గొంతు చిన్నది.

తడిసిన అట్టపెట్టె వాసనొచ్చి అది ఎంతకీ పోకపోతే మాత్రం కార్క్ చెడిందని అర్థం, అది మీ తప్పు కాదు, ఏం చేసినా బాగవదు. మొదట్లో వచ్చే మూసిన గది వాసన వేరు, అది కాసేపటికి పోతుంది. 16, 17 డిగ్రీల దగ్గర తాగండి. అన్నట్టు లెయోవిల్ బార్టన్‌కి సొంతంగా షాతో (వైన్ ఎస్టేట్‌లో ఉండే కోటలాంటి ఇల్లు) భవనమే లేదు తెలుసా, వైన్ అంతా పక్కనున్న లాంగోవా బార్టన్‌లోనే తయారవుతుంది, మీ 96 కూడా అక్కడ పుట్టిందే. రెండూ ఒకే కుటుంబానివి, 1820ల నుంచీ.

కొత్తగ్లాసు:
నిన్న రాత్రి తెరిచాం! మూడు రోజులు నిలబెట్టి ఉంచా, కార్క్ ముక్క కూడా రాలకుండా వచ్చింది, కింద అంచు ఒక్కటే ఎర్రగా నానింది. తీయగానే గుక్కెడు చూస్తే నిజంగానే మూసుకుని ఉంది, పాత బీరువా తెరిచినట్టుందంది మా ఆవిడ, అట్టపెట్టె వాసనేమోనని గుండె ఆగినంత పనైంది. వంచి ఓ పావుగంట ఆగాం. ఇక అక్కణ్ణుంచి పెన్సిల్ వాసన, తర్వాత బ్లాక్‌కరెంట్ పండు వాసన లీలగా, గంట దాటాక పొగాకు, ఒక్కో గుక్కకీ మారుతూనే ఉంది, ఇద్దరం మాట్లాడుకోవడం కూడా మానేశాం. నెమ్మదిగా గారూ, మీ మాట విని మంచి పని చేశా, రెండు గంటలు వదిలేసి ఉంటే ఆ మొదటి సగం మాకు తెలిసేదే కాదు.

పొద్దున గ్లాసులు కడగబోతే ఖాళీ గ్లాసులో ఇంకా దేవదారు వాసన ఉంది. మా ఆవిడ కడగనివ్వలేదు.