వేసెక్టమీ (మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయి 11 ఏళ్లు, మళ్లీ నాళాలు కలిపించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది వరంగల్, నాకు 41. ఇద్దరు పిల్లలు పుట్టాక 2014లో కుట్లు లేని వేసెక్టమీ చేయించుకున్నా, పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశా. మా వైపు మగవాళ్లు ఈ ఆపరేషన్ చేయించుకోవడం వింతేం కాదు. కరోనాలో నా భార్య చనిపోయింది. పోయినేడు మళ్లీ పెళ్లయింది, ఈమెకు 32. నోరు తెరిచి అడగదు కానీ సద్దుల బతుకమ్మ రోజు పక్కింటి పాపను ఎత్తుకుని, ఆట అయిపోయేదాకా దించలేదు.

ఒక డాక్టరేమో మైక్రోస్కోప్ కింద వెంట్రుక కంటే సన్నని దారంతో తెగిన కొసలు కలుపుతారు, కానీ ఏళ్లు గడిచినకొద్దీ అవకాశం తగ్గుతుంది, వీర్యకణాలు మళ్లీ కనిపించడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా అన్నాడు. ఇంకోచోట నా రిపోర్టులు చూడకముందే, సూదితో వీర్యకణాలు తీసి ఇక్సీ (ఒక్కో కణాన్ని ల్యాబులో నేరుగా అండంలోకి ఎక్కించడం) చేద్దామని ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. నాకైతే నచ్చలేదు.

పదేళ్లు దాటాక కలిపించుకున్నవాళ్లకు పిల్లలు పుట్టారా? వరంగల్‌లోనే చేస్తారా, హైదరాబాద్ పోవాల్సిందేనా, మొత్తం ఖర్చెంతైంది? ముందు మా ఆవిడకు ఏఎంహెచ్ టెస్టు (అండాల నిల్వ ఎంతుందో చూసే రక్తపరీక్ష) చేయించమంటున్నారు, మీరూ చేయించారా? నాది ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే పని, ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు బరువులు ఎత్తకుండా ఉన్నారో అది కూడా చెప్పండి, సీజన్ మొదలైతే సెలవు పెట్టలేను.