ఆరేళ్ల పాపకు ఒక కంట్లో చూపు తక్కువ: బాగున్న కంటిని మూయడం అవసరమా?

ప్రశ్న (పాప తల్లి, గుంటూరు)

మా పాప ఒకటో తరగతి చదువుతోంది. బడిలో కంటి పరీక్ష చేసినప్పుడు కుడి కంటితో చివరి వరుస దాకా గడగడా చదివిన పిల్ల, ఆ కన్ను మూయగానే పై మూడు వరుసలు దాటలేకపోయింది. కళ్లలో మందు వేసి పరీక్షించిన వైద్యురాలు ఎడమ కంటికి ప్లస్ నాలుగు పవర్ ఉందని, దానివల్ల ఆ కంటి చూపు ఎదగలేదని, దీనిని లేజీ ఐ అంటారని చెప్పి అద్దాలు రాశారు. అద్దాలతో చూపు 6/24 నుంచి 6/18కి (మామూలు చూపు 6/6 అట) వచ్చి ఆగిపోవడంతో, ఇప్పుడు కుడి కంటికి రోజూ రెండు గంటలు ప్యాచ్ (కంటిని మూసే అంటుపట్టీ) వేయమంటున్నారు. బాగున్న కంటిని మూస్తే అది కూడా మందగిస్తుందేమోనని నా భయం. ఆడపిల్లకు ఇప్పటి నుంచే అద్దాలెందుకు, పెద్దయ్యాక ఆపరేషన్ చేయిద్దామని మా అత్తగారు అంటున్నారు. పాప కూడా ప్యాచ్ పీకి పారేస్తోంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఆప్టోమెట్రిస్టు, విజయవాడ)

అమ్మా, ముందుగా ఆపరేషన్ సంగతి చెబుతాను. పెద్దయ్యాక లేజర్ చికిత్సతో పవర్ తగ్గించవచ్చునేమో గానీ, చిన్నతనంలో చూడడం నేర్చుకోని కంటికి ఆ చికిత్స చూపు తెచ్చి పెట్టలేదు. పాప ఎడమ కన్ను పుట్టినప్పటి నుంచి మెదడుకు మసక బొమ్మనే పంపుతూ ఉండి ఉంటుంది. పక్కనే స్పష్టమైన బొమ్మ అందుతున్నందున మెదడు ఈ మసక బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. లోపం కంటిలో మొదలైనా చివరకు స్థిరపడేది మెదడులోనే. మెల్లకన్ను లేకపోతే బయటికి ఏమీ కనబడదు, ఒక కన్ను బాగా పనిచేస్తున్నందున పిల్లలు ఫిర్యాదూ చేయరు. అందుకే ఒక్కో కన్నూ విడివిడిగా మూసి చూస్తే తప్ప ఇది బయటపడదు.

అద్దాలు స్పష్టమైన బొమ్మను అందిస్తాయి, ప్యాచ్ ఆ బొమ్మను వాడుకోక తప్పని పరిస్థితి కల్పిస్తుంది. చాలామంది పిల్లలకు తొలి వారాలలో అద్దాలతోనే చూపు మెరుగవుతుంది. అది ఆగాక ప్యాచ్ మొదలుపెట్టడం సరైన పద్ధతే. రెండు గంటలు చాలునా అన్న సందేహం అక్కరలేదు. ఏడేళ్లలోపు పిల్లలలో మధ్యస్థాయి లోపానికి రోజూ రెండు గంటలు మూసినా, ఆరు గంటలు మూసినా నాలుగు నెలలకు ఒకే విధమైన మెరుగుదల వచ్చిందని 2003లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం చూపింది. మూసిన కన్ను మందగించడం ఇంత తక్కువ సమయానికి చాలా అరుదు, అయినా పిలిచిన తేదీకి వెళితే రెండు కళ్లనూ పరీక్షిస్తారు. అద్దాలు పెట్టడం వల్ల పవర్ పెరగదని అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. ఏడేళ్లు దాటాక కూడా చాలామంది పిల్లలకు కొంత ఫలితం ఉంటుంది కానీ, చిన్న వయసులో వచ్చినంత సులభంగా రాదు.

జవాబు 2 (ఒక తండ్రి, విజయవాడ)

మా అబ్బాయికి కూడా ఇదే చికిత్స చేయించాము కనుక ఇంట్లో చేసే పని గురించి చెబుతాను. అద్దం మీద గుడ్డ కట్టవద్దు, పిల్లలు పక్క సందులోంచి తొంగి చూస్తారు. ప్యాచ్‌ను చర్మానికే అంటించి దాని మీద అద్దాలు పెట్టాలి. మన ఎండలకు చెమట పట్టి జిగురు ఊడిపోతుంది, చర్మం దురద పెడుతుంది. ముఖం కడిగి పూర్తిగా తుడిచి, సాయంత్రం ఫ్యాను కింద వేయడం మేలు. తీసేటప్పుడు లాగకుండా అంచులకు కొబ్బరినూనె రాసి కాసేపు ఆగండి. ఆ రెండు గంటలూ చేతికి పని ఇవ్వండి: చుక్కల ముగ్గు కలపడం, పూసలు గుచ్చడం, బియ్యంలో రాళ్లు ఏరడం. మొదట్లో పాప తడబడి విసుక్కుంటుంది, అప్పుడు కోప్పడకండి. అసలు వేయనివ్వకపోతే, బాగున్న కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి దగ్గరి చూపును తాత్కాలికంగా మసకబరిచే పద్ధతి ఉంది. అది వైద్యులు రాస్తేనే, వారు చెప్పినట్లే.

జవాబు 3 (ఉపాధ్యాయిని, గుంటూరు)

తోబుట్టువులుంటే వారికి కూడా పరీక్ష చేయించండి, ఇది ఒకే కుటుంబంలో కనబడుతుంది. రెండో అభిప్రాయం కావాలంటే పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ వైపు తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్యశాల ఉన్నాయి. బడిలో తరగతి టీచరుకు విషయం చెప్పి, అద్దాలు తీయకుండా చూడమనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పాపకు మూడేళ్ల తమ్ముడున్నాడు, వాడికీ పరీక్ష చేయిస్తాము. చూపు పూర్తిగా వచ్చాక ప్యాచ్ వెంటనే ఆపేయవచ్చా?

జవాబు 1 (ఆప్టోమెట్రిస్టు, విజయవాడ)

మీ అంతట మీరు ఆపకండి. మానేసిన మొదటి ఏడాదిలో కొందరు పిల్లలకు చూపు మళ్లీ తగ్గుతుంది. ఎప్పుడు, ఎలా ఆపాలో వైద్యురాలు చెబుతారు. ఆపాక కూడా అద్దాలు కొనసాగించి, కొన్ని నెలలకోసారి చూపించండి. పవర్ మారితే అద్దాలు మార్చాలి. తమ్ముడికి అక్షరాలు రాకపోయినా ఫరవాలేదు, బొమ్మల చార్టుతో చూపు పరీక్షిస్తారు. చుక్కల మందు వేసి పవర్ కూడా చూడమని అడగండి.