కలడనెడివాడా, కలండనెడివాడా?

అందరికీ నమస్కారం. నిన్నట్నించీ ఒక పద్యపాదం నన్ను వదలట్లేదు. పిల్లలకి కన్ను పాఠం చెప్తూ, మన రెటీనాలో నరాల పోగులు వెలుతురొచ్చే వైపే పరుచుకుని ఉంటాయి, అవన్నీ కలిసి వెనక్కి దిగే చోట చూపుండదు, అదే అంధచుక్క, ఆక్టోపస్ కంట్లో పోగులు వెనకనించే పోతాయి గనక దానికా చుక్క లేదు అని బోర్డు మీద రెండు బొమ్మలూ గీశాను. ఒకమ్మాయి లేచి "దేవుడే డిజైన్ చేస్తే మనకెందుకు సార్ ఇలా పెట్టాడు?" అంది. నా నోట పోతన గజేంద్రమోక్షంలో ఏనుగు మాట వచ్చేసింది, "కలడు కలడనెడివాడు కలడో లేడో" అని. ఇంటికొచ్చాక డౌటు, రెండోది కలడా కలండా?

—

నిండుసున్నా ఉండాల్సిందే మాస్టారూ. కందం కదా, గణానికి నాలుగు మాత్రలు. గలడుక, లండనె, డివాడు, గలడో, లేడో. "లం" గురువు, అంటే రెండు మాత్రలు, కాకపోతే రెండో గణంలో ఒక మాత్ర పోతుంది. అరసున్నాతో కలఁడు, నిండుసున్నాతో కలండు, రెండూ ఒప్పే.

—

గణం కోసమే అంటే నేనొప్పుకోనండీ. మా తాతయ్య ఆ "లం" దగ్గర ఆగి, ఒత్తి చదివేవారు. పై మూడు పాదాల్లోనూ "కలడందురు", అంటే అందరూ అనే మాట. ఏనుగు తను చూశానని ఎక్కడా అనలేదు. ఆ విన్నమాటనే నాలుగో పాదంలో రెండుసార్లు పలికి, రెండోసారి సాగదీసి అడుగుతోంది. ఎవరు చూశారు, ఎలా తెలుసు? సైన్సు మొదలయ్యేదీ అక్కడే. ఆ అమ్మాయి అడిగిందీ అదే.

—

"అందురు" దగ్గరే ఆగిపోతే ఎలాగన్నయ్యా, వెంటనే వచ్చే సీసం చూడు. "కలుగడే నాపాలి గలిమి సందేహింప, గలిమిలేములు లేక గలుగువాడు". ఇక్కడ కలిమంటే డబ్బు కాదు, ఉండటం అని నా పట్టు. ఉండటం, లేకపోవటం రెండూ అంటనివాణ్ణి ఏ పరీక్షకి పెడతాం? 2005లో పెన్సిల్వేనియాలో డోవర్ స్కూళ్ళ కేసులో జడ్జి జోన్స్ పట్టుకున్నదీ ఇదే, ఇంటెలిజెంట్ డిజైన్, అంటే జీవుల్ని తెలివైనవాడెవడో రూపొందించాడనే వాదం, ప్రకృతికి అవతలి కారణాన్ని తెస్తోంది కాబట్టి అది సైన్సు కాదని తీర్పిచ్చాడు. పోతన మాత్రం తన భక్తిని సైన్సని ఎప్పుడూ అనలేదు, అందుకే ఆయనంటే నాకంత ప్రాణం.

—

కానీ అంతకుముందే "ఎవ్వనిచే జనించు జగము" అంది కదా ఏనుగు. అది కారణం వెతకటమే. దారిలో గడియారం దొరికితే చేసినవాడొకడు ఉండాలి అని 1802లో పేలీ అనే ఇంగ్లీషు మతాచార్యుడు రాసిందీ ఆ దారే. 1859లో డార్విన్ వచ్చి, చేసేవాడు లేకుండానే కన్ను కొంచెం కొంచెంగా ఎలా తయారవుతుందో చూపించాడు. నన్నడిగితే ఋగ్వేదంలో సృష్టి గురించిన నాసదీయ సూక్తం ఇంకా ధైర్యంగా అడిగింది, పైనుండి చూసేవాడికైనా తెలుసో, "యది వా న వేద", తెలీదో అని. ఆ "వా", అంటే "లేక" అనే మాట మీద ఒక రోజంతా మాట్లాడొచ్చు.

—

"వా" తర్వాత చూద్దామండీ, ముందు సున్నా తేలాలి. రెండో పాదం చివర "గణముల పాలం" ఉంది కదా, ఆ సున్నా ద్రుతం, అంటే మాట చివర చేరే నకారం, అక్కడ గురువూ కావాలి, ఎవరూ అర్థం వెతకలేదు. మరి "కలం" దగ్గర మాత్రం ఎందుకు వెతకాలి? తాతయ్యగారు "పాలం" దగ్గర కూడా ఆగేవారా?