సెకండ్ హ్యాండ్ ఆల్టో కొన్నా, ఇన్సూరెన్స్‌కి చేతిలో 3 వేలే ఉన్నాయి, ఏటి దారి?

జీడితోట_పర్లాకిమిడి:
అన్నలూ నమస్తే. మాది పర్లాకిమిడి. పాతపట్నంలో ఒకాయన దగ్గర 2015 ఆల్టో 800 కొన్నాను, ఏపీ 30 బండి, ఉన్నదంతా దానికే పోయింది. ఇన్సూరెన్స్ అయిపోయి ఐదు నెలలైందట, ఆ ముక్క అడ్వాన్స్ ఇచ్చాక చెప్పాడు మహానుభావుడు. ఏజెంటుని అడిగితే ఫుల్ ఇన్సూరెన్స్ ఏడు వేల చిల్లర అంటున్నాడు, పైగా పాతాయన బోనస్ కూడా కలిసొస్తుందంటున్నాడు. జీడిపిక్కల డబ్బులు వేసవిలో గాని రావు. ముందు కొంత కట్టి మిగతాది నెలనెలా కట్టే పద్ధతుందా? ఇటు ఒడిశా చెకింగు, అటు ఆంధ్రా చెకింగు, భయానికి బండి వాకిట్లో పెట్టి రోజూ తుడుచుకుంటున్నా.

పాత_స్టీరింగ్:
వాయిదాల సంగతి మర్చిపో తమ్ముడూ, ప్రీమియం ముందు పడితేగాని కంపెనీ రిస్క్ తీసుకోకూడదని ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్‌లోనే ఉంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ అంటే అది బ్యాంకు అప్పు, వడ్డీ నీ నెత్తినే.

ఇప్పటికి థర్డ్ పార్టీ, అంటే నీ బండివల్ల అవతలివాళ్ళకి అయ్యే నష్టానికి ఉండే పాలసీ, అదొక్కటే తీసుకో. ఆల్టో 800 అంటే 796 సీసీ, వెయ్యి లోపు కార్లకి ఏడాదికి 2,094, 2022 జూన్‌లో సర్కారు పెట్టిన రేటు, ఏ కంపెనీ దగ్గరైనా అదే, బేరాల్లేవు. 18 శాతం జీఎస్టీతో 2,471. దానిమీద ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల యాక్సిడెంట్ కవర్ అని ఇంకొంచెం వేస్తారు, నీకు అలాంటిది వేరే చోట ఉంటే తీసెయ్యమను. జీడి డబ్బులొచ్చాక ఓన్ డ్యామేజ్, అంటే నీ బండి డ్యామేజీకి కవర్, విడిగా తీసుకోవచ్చు, 2019 సెప్టెంబర్ నుంచి అలా ఇస్తున్నారు, కాకపోతే ఇంత పాత బండికి అందరూ ఇవ్వరు, నాలుగు చోట్ల అడగాలి. ఇచ్చేముందు బండి ఫోటోలు తీస్తారు, ఈలోపు సొట్టలు పెట్టకు.

రాయగడ_బాబు:
నేను నిరుడు థర్డ్ పార్టీతోనే తిరిగా. గుణుపూర్ రోడ్డులో రాత్రిపూట గేదె అడ్డమొచ్చింది, బంపరు, ఒక లైటు, రేడియేటరు కలిపి 14 వేలు నా జేబులోంచే. గేదె మాత్రం లేచి ఒళ్ళు దులుపుకుని పోయింది. అయినా అదే కరెక్టు అంటాను, మన బండికి అయ్యేది వేలల్లో, మనం ఎవర్నైనా గుద్దితే యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి ఫైనే 2,000, ఆ డబ్బుతో దాదాపు పాలసీ వచ్చేస్తుంది కదా!

ఘాట్‌రోడ్:
బోనస్ మాట నమ్మకు, నో క్లెయిమ్ బోనస్ అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అది మనిషిది, బండిది కాదు. పైగా పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే ఆయనకే ఉండదు. నీ పేరున తప్పుడు బోనస్ రాయించి తక్కువ చూపిస్తే రేపు క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటావు. ఇంకోటి, బండిని ఒడిశాకి మార్చాలంటే శ్రీకాకుళం ఆర్టీఓ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, కావాలి, అక్కడా నడుస్తున్న ఇన్సూరెన్స్ కాగితం అడుగుతారు. పేరు మారాక 14 రోజుల్లో కంపెనీకి చెప్పి పాలసీలో నీ పేరు ఎక్కించుకో. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి డబ్బులు కొట్టమంటే మాత్రం కొట్టకు, మా బావమరిదికి అలాగే కారుకి స్కూటర్ పాలసీ అంటగట్టాడొకడు, నంబర్ కరెక్టే, లోపల చూస్తే టూ వీలర్.

జీడితోట_పర్లాకిమిడి:
థాంక్స్ అన్నలూ, స్కూటర్ కథ చదివి నవ్వాగలేదు. ఒక డౌటు, మా వీధిలోవాళ్ళని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్తే పెట్రోలుకని ఐదొందలు ఇస్తుంటారు, పర్లేదా?

పాత_స్టీరింగ్:
పెట్రోలు డబ్బు వరకు సరే. రోజూ కిరాయికి తిప్పావంటే అది సొంత వాడకం కిందికి రాదు, క్లెయిమ్ కొట్టేస్తారు. ఆ ఆలోచనుంటే టాక్సీ పర్మిట్టు, దాని పాలసీ వేరు.

జీడితోట_పర్లాకిమిడి:
లేదన్నా, మేనత్తకి డయాలసిస్, ఆవిడకీ పక్కింటాయనకీ తప్ప ఎవరికీ కాదు. కట్టేశాను, కంపెనీ సైట్లోనే, అన్నీ కలిపి 3 వేల లోపే అయింది. బండి వివరాలు చూపించే సర్కారు యాప్ ఎంపరివాహన్‌లో ఇంకా పాత డేటే చూపిస్తోంది, రెండ్రోజులాగి చూస్తా.