అప్‌డేట్: డై కటింగ్‌లో గిఫ్ట్ బాక్స్ మధ్యలో తెగని సమస్య తీరింది

చెల్లి సీమంతానికి పసుపు కుంకుమ బాక్సులు చేస్తుంటే డై కటింగ్ మెషిన్‌లో (పదునైన అంచులున్న అచ్చు, అంటే డైని కాగితంతో కలిపి రెండు ప్లేట్ల మధ్య పెట్టి, హ్యాండిల్ తిప్పి కత్తిరించేది) 300 జీఎస్ఎం షీట్ (చదరపు మీటరుకు 300 గ్రాముల మందపాటి కాగితం) అంచుల్లో తెగి మధ్యలో తెగట్లేదని, మడతల దగ్గర రంగు పగులుతోందని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కింది ప్లేటు అడుగున సరిగ్గా మధ్యలో ఒక ప్రింటర్ కాగితం పెట్టమన్నారు చూడండి, అదే పనిచేసింది. హ్యాండిల్ కాస్త బిగువుగా తిరిగింది, మూతమీది మామిడిపిందె డిజైన్ ఒక్క పోగు కూడా అంటుకోకుండా ఊడొచ్చింది! డై మొద్దుబారలేదు, కొత్త ప్లేట్లు కొననక్కర్లేదు. పగుళ్లకు కారణం కాగితం పీచు దిశ, అంటే కాగితంలోని పీచు ఎటువైపు పరుచుకుని ఉందన్నది. షీట్‌ని రెండువైపులా మెల్లగా వంచి చూడండి, ఎటు సులువుగా వంగితే పొడవాటి మడతలు అటే రావాలి. పొట్టి మడతల్ని మాత్రం స్కేలుతో నెమ్మదిగా నొక్కాను. నలభై బాక్సులు అయిపోయాయి.