వేరుశెనగ కాండం ఫొటోల్లో జైలం, నార కణాలు కలిసిపోతున్నాయి, ఎలా విడగొట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. తిరుపతిలో బాటనీ పీహెచ్‌డీ చేస్తున్నాను. చంద్రగిరి వైపు పొలాల నుంచి తెచ్చిన వేరుశెనగ కాండాల్ని బ్లేడుతో పలచగా కోసి, సాఫ్రనిన్ (ఎరుపు), ఫాస్ట్ గ్రీన్ (ఆకుపచ్చ) రంగులు వేసి 4ఎక్స్ లెన్స్ కింద ఫొటోలు తీశాను. ఒక్కో కాండంలో జైలం (నీళ్లు మోసే కణజాలం) విస్తీర్ణం ఎంతో కొలవాలి. ఫిజీ అనే ఫొటోలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో కలర్ థ్రెషోల్డ్ (ఎంచుకున్న రంగున్న భాగాల్నే పట్టే పద్ధతి) పెడితే ఎర్రగా కనిపించిందల్లా పట్టేస్తోంది, జైలంతో పాటు ఫ్లోయం (ఆహారం మోసే కణజాలం) బయట టోపీలా ఉండే నార కణాలు కూడా. అందులోనే ట్రైనబుల్ వేకా సెగ్మెంటేషన్ (మనం నేర్పిస్తే భాగాల్ని గుర్తుపట్టే టూల్) పెడితే నా 8 జీబీ లాప్‌టాప్ ఆగిపోతోంది. 140 ఫొటోలున్నాయి, వచ్చే నెల గైడ్‌కి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, థ్రెషోల్డ్ తప్పేం లేదు. సాఫ్రనిన్ లిగ్నిన్‌కి (కణాల గోడల్ని గట్టిపరిచే పదార్థం) పడుతుంది, లిగ్నిన్ జైలంలోనూ ఉంది నార కణాల్లోనూ ఉంది, కాబట్టి రంగు ఒక్కటే చూసి ఆ రెంటినీ విడదీయడం కుదరదు. నీ కంటికి తేడా ఎలా తెలుస్తోంది? ఒకటి కేంబియానికి (జైలం, ఫ్లోయం మధ్య ఉండే పొర) లోపల ఉంది, ఇంకొకటి బయట ఉంది. ఆ సంగతి నువ్వే చెప్పాలి. పాలిగన్ టూల్‌తో కేంబియం వెంబడి ఒక చుట్టు గీసి ఆర్‌ఓఐ మేనేజర్‌లో (గీసిన హద్దుల్ని దాచే చోటు) దాచుకో. లోపలి ఎరుపు జైలం, బయటిది నార. ఓపిగ్గా కూర్చుంటే రెండు మూడు రోజుల పని.

ఇంకోటి, వెసల్స్ (జైలంలోని నీటి గొట్టాలు) లోపలి ఖాళీ తెల్లగా ఉంటుంది కాబట్టి థ్రెషోల్డ్ దాన్ని వదిలేస్తుంది. దానికి ఫిల్ హోల్స్ (ఖాళీలు నింపే కమాండ్) కొట్టాలి, కానీ ముదురు కాండంలో జైలం చుట్టూ మూసుకుపోయి ఉంటుంది గనక మధ్యలో దవ్వ (కాండం నడిమి మెత్తటి భాగం) మొత్తం నిండిపోతుంది. నాకలాగే అయింది, విస్తీర్ణం దాదాపు రెట్టింపు వచ్చాక గానీ కనిపెట్టలేదు. అందుకే దవ్వ అంచు వెంబడి రెండో చుట్టు గీసుకో, ముందు ఫిల్ హోల్స్, ఆ తర్వాతే దవ్వని తీసెయ్.

వేకానే కావాలంటే ఫొటోని సగానికి తగ్గించి, ఫీచర్లు కొన్నే టిక్ పెట్టు. లేదా ఇలాస్టిక్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ వాడి చూడు, అది ఉచితం, పెద్ద ఫొటోల్ని ముక్కలుగా చేసుకుని నడుపుతుంది. ఏది జైలమో ఏది కాదో నేర్పే గీతలు తేలికైన చోట కాదు, అంచుల మీద, మసకగా ఉన్నచోట పెట్టు, అదీ వేర్వేరు రోజుల్లో రంగు వేసిన స్లైడ్ల మీద. ఓ పది ఫొటోలు ట్రైనింగ్‌లో కలపకుండా చేత్తో గీసి పక్కన పెట్టుకుంటే, ఎంత సరిగ్గా పట్టిందో వాటితో పోల్చి చూడొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, చుట్టు గీస్తే జైలం విడిగా వచ్చేసింది, చాలా థ్యాంక్స్. కొన్నిట్లో మాత్రం ఒకవైపు కార్టెక్స్ (కాండం తొక్క కింది పొర) కూడా ఎర్రగా ఉంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చా?

జవాబు:
వద్దు, అది బ్లేడు ఏటవాలుగా దిగి ఒకవైపు మందంగా తెగిన ముక్క. క్యారెట్ చీల్చి మధ్యలో కాండం పెట్టి మళ్లీ కొయ్యి, ఆల్కహాల్‌లో ఇంకాస్త సేపు కడుగు, ఎక్కువైన సాఫ్రనిన్ దిగిపోతుంది. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ అన్ని ఫొటోలకీ ఒకటే పెట్టి టిఫ్‌లో సేవ్ చెయ్. అదే 4ఎక్స్‌లో స్టేజ్ మైక్రోమీటర్ (కొలత గీతలున్న స్లైడు) ఫొటో కూడా ఒకటి తీసుకో, మామూలుగా దొరికేదాంట్లో 1 మిల్లీమీటరుకి 100 గీతలుంటాయి, ఫిజీ సెట్ స్కేల్‌లో (పిక్సెల్స్‌ని అసలు కొలతలోకి మార్చే చోటు) అది ఇవ్వకపోతే నీ విస్తీర్ణాలన్నీ పిక్సెల్స్‌లోనే మిగిలిపోతాయి.